ట్యూబులకు ఆర్డర్ పెట్టే ముందు స్టెప్‌డౌన్ డబ్బా చూడు: కాజీపేట తమ్ముడి 6505 గురించి

తమ్ముడూ, నువ్వు రాసిన దాంట్లో ఐదు కంప్లైంట్లు ఉన్నాయి, ఐదింటికీ నువ్వే ఒకటే తీర్పు చెప్పేశావు: ట్యూబులు పోయాయని. చూసేవాళ్లకు అర్థం కావాలని నీ సంగతి ఒకసారి చెప్తున్నా. మీ బావ డాలస్ నుంచి తెచ్చిన, అమెరికా 120 ఓల్టుల మీద నడిచే పీవీ 6505 హెడ్ (స్పీకర్ లేని గిటార్ యాంప్లిఫయర్, లోపల గాజు వాల్వులు, వాటినే ట్యూబులు అంటున్నాం), కాజీపేటలో ప్రాక్టీస్ రూము, ఇక్కడే దుకాణంలో కొన్న, 230 ఓల్టులను 110కి దించే స్టెప్‌డౌన్ డబ్బా, పన్నెండు అంగుళాల స్పీకర్లు నాలుగున్న క్యాబినెట్. వాయించడం ఆపగానే ఈల. వెనకాల ఎప్పుడూ హమ్. మధ్యమధ్యలో వాల్యూమ్ సగానికి పడిపోయి మళ్లీ దానంతటదే రావడం. మైకుకు పెదవి తగిలితే చుర్రుమనడం. ఇంకా, గెయిన్ (గిటార్ సిగ్నల్‌ను ఎంత పెంచాలో చెప్పే నాబ్) ఎనిమిది మీద పెట్టినా బ్యాండ్‌లో నీ గిటార్ ఎవరికీ వినబడకపోవడం.

ఇందులో ట్యూబుల తప్పు ఉంటే ఒక్కదాంట్లో ఉండొచ్చు, అదీ అనుమానమే. హై గెయిన్ యాంప్ లోపల గెయిన్ స్టేజీలు (సిగ్నల్‌ను పెంచే దశలు) ఒకదాని వెనక ఒకటి వరుసగా ఉంటాయి, మొదటి దాంట్లోకి ఏ చెత్త దూరినా చివరికి వచ్చేసరికి కొన్ని వేల రెట్లు అయిపోతుంది. అందుకే ఇలాంటి యాంప్ దగ్గర వెతకడం లోపల నుంచి కాదు, గోడ సాకెట్ నుంచి మొదలుపెట్టాలి.

ముందు పెదవి సంగతి. అది టోన్ సమస్య కాదు, ప్రాణం మీదికి వచ్చేది. అమెరికా ప్లగ్గుకు రెండు బల్లపరుపు పిన్నులు, ఒక గుండ్రటి ఎర్త్ పిన్ను ఉంటాయి. మన దగ్గర దొరికే స్టెప్‌డౌన్ డబ్బాల్లో చాలావాటికి అవుట్‌పుట్ వైపు రెండు పిన్నుల సాకెట్టే ఉంటుంది, లేదంటే అన్ని రకాల ప్లగ్గులూ పట్టే సాకెట్ పెట్టి మూడో రంధ్రం వెనక అసలు వైరే వేయరు. మిక్సర్లకు, జ్యూసర్లకు తయారుచేసిన డబ్బాలు అవి, వాటికి అది నడిచిపోయింది. నీ యాంప్‌కు నడవదు. ఎర్త్ అక్కడ తెగిపోతే యాంప్ చాసిస్ (లోహపు బాడీ) గాల్లో వేలాడుతున్నట్టే, ట్రాన్స్‌ఫార్మర్ నుంచి కారే కొద్దిపాటి కరెంటుతోనే దాని మీద పదుల ఓల్టులు కూర్చుంటాయి. ఆ చాసిస్ నుంచి లీడ్ (గిటార్ కేబుల్) ద్వారా గిటార్ తీగల దాకా అంతా ఒకటే. మైకు ఏమో సౌండ్ మిక్సర్ ద్వారా ఎర్త్‌కు కలిసి ఉంటుంది. చెయ్యి తీగల మీద, పెదవి మైకు మీద పెట్టావంటే మధ్యలో వైరు నువ్వే. ఇవాళ చుర్రుమన్నది, రేపు యాంప్‌లో ఏదైనా ఇన్సులేషన్ పోతే చుర్రుమనడంతో ఆగదు.

మల్టీమీటర్ ఒకటి కొను, ఖరీదైనది అక్కర్లేదు. డబ్బా ప్లగ్గు గోడ నుంచి పీకేసి, మీటర్‌ను బీప్ కొట్టే సెట్టింగ్‌లో పెట్టి, ప్లగ్గు ఎర్త్ పిన్నుకు (లావుగా, పొడవుగా ఉండేది) ఒక తీగ, డబ్బా అవుట్‌పుట్‌లో ఎర్త్ రంధ్రానికి ఇంకో తీగ పెట్టు. బీప్ రాకపోతే దొంగ దొరికినట్టే. తర్వాత గోడ సాకెట్. ఏసీలో 600 లేదా 750 రేంజ్ పెట్టి ఫేజ్-న్యూట్రల్, ఫేజ్-ఎర్త్, న్యూట్రల్-ఎర్త్ మూడూ కొలువు. మొదటి రెండూ దగ్గర దగ్గర 230 చూపించాలి, మూడోది రెండు మూడు ఓల్టుల లోపు ఉండాలి. ఫేజ్-ఎర్త్ దగ్గర మీటర్ ఎనభై, వంద అంటూ ఊగుతుంటే ఆ సాకెట్‌కు ఎర్త్ లేదు, ఆ రంధ్రం ఉత్త అలంకారం. పాత ఇళ్లలో ఇది మామూలే. బోర్డులో ఎర్త్ వైరు చుట్టి వదిలేసి ఉంటారు, లేదా ఉప్పు, బొగ్గు వేసిన ఎర్త్ గుంత ఎండాకాలంలో ఎండిపోయి ఉంటుంది. గుంతలో నీళ్లు పోయించు, వైరు ఎలక్ట్రీషియన్‌తో కలిపించు. కొంతమంది పని తొందరగా అవ్వాలని సాకెట్ వెనకే ఎర్త్‌ను న్యూట్రల్‌కు చుట్టేస్తారు, మీటర్ మీద అంతా బాగానే కనిపిస్తుంది కూడా, కానీ ఏ రోజైనా ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే నీ యాంప్ బాడీ మొత్తం 230 ఓల్టుల మీద ఉంటుంది. అలా చేస్తానంటే వద్దని చెప్పి పంపించు. హమ్ తగ్గుతుందని ఎర్త్ పిన్ను పీకేసే మహానుభావులు ఉంటారు, వాళ్ల మాటా వినకు.

యాంప్, సౌండ్ మిక్సర్ రెండూ ఒకే బోర్డు నుంచి తీసుకో. గదికి ఆ మూల ఒకటి, ఈ మూల ఒకటి పెడితే రెండు ఎర్త్‌ల మధ్య తేడా హమ్‌గా వినబడుతుంది.

స్టెప్‌డౌన్ దగ్గర ఉన్నాం కాబట్టి ఇంకో రెండు మాటలు. యాంప్ వెనక లేబుల్ మీద ఎన్ని వాట్లు తీసుకుంటుందో రాసి ఉంటుంది, డబ్బా దానికి కనీసం రెట్టింపు ఉండాలి. 120 వాట్ల హెడ్‌కు వెయ్యి వీఏ (డబ్బా మోయగల లోడ్, వాట్ల లాంటి లెక్కే) డబ్బా పెడితే నిశ్చింత. మూడు వందల వీఏ డబ్బా కొని ఉంటే అది కాలిపోతున్నంత వేడిగా ఉంటుంది, నువ్వు గట్టిగా కొట్టినప్పుడల్లా ఓల్టేజ్ కుంగిపోతుంది, సౌండ్ ముద్దయిపోతుంది. రెండోది, లేబుల్ మీద 60 హెర్ట్జ్ అని మాత్రమే ఉందా, 50/60 అని ఉందా చూడు. మన కరెంటు 50 హెర్ట్జ్. 60కే చేసిన ట్రాన్స్‌ఫార్మర్ 50 మీద ఎక్కువ వేడెక్కుతుంది. అదృష్టం ఏంటంటే ఇక్కడి డబ్బాలు ఎక్కువగా 120 కాకుండా 110 ఇస్తాయి, ఆ తగ్గిన పది ఓల్టులు ఈ విషయంలో మేలే చేస్తాయి. 110 దగ్గర ట్యూబుల హీటర్‌కు (లోపల వెలిగే తీగకు) 6.3 బదులు దాదాపు 5.8 ఓల్టులు అందుతాయి, పది శాతం లోపే కాబట్టి పర్వాలేదు.

కానీ ఎండాకాలం సాయంత్రం అందరి ఇళ్లలో కూలర్లు, ఏసీలు, మోటార్లు ఒకేసారి నడిచేటప్పుడు లైన్ 190కి పడిందనుకో. అప్పుడు డబ్బా ఇచ్చేది 91, హీటర్‌కు అందేది 4.8. సౌండ్‌లో ప్రాణం ఉండదు, ట్యూబులకూ మంచిది కాదు. "పొద్దున బాగుంటుంది, రాత్రి ముద్దగా ఉంటుంది" అని నువ్వు చివర్లో ఒక వాక్యం రాశావు చూడు, నాకు అన్నిటికంటే పనికొచ్చిన వాక్యం అదే. రాత్రి ఒకసారి సాకెట్ కొలిచి చూడు, 200 కింద ఉంటే డబ్బాకు ముందు మంచి స్టెబిలైజర్ పెట్టు. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద మాత్రం నడపకు, పాత రకం స్క్వేర్ వేవ్ ఇన్వర్టర్ అయితే ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటుంది, వేడెక్కుతుంది. వినాయక నవరాత్రుల్లో మండపం దగ్గర జనరేటర్ మీద వాయించాల్సి వస్తే ప్లగ్ పెట్టే ముందు మీటర్ పెట్టు, సౌండ్ వాళ్లు నవ్వితే నవ్వనీ.

ఇప్పుడు హమ్. దాని స్థాయి ఏంటో చెవితోనే పట్టొచ్చు. ఆరో తీగ మూడో ఫ్రెట్ మీద జీ నోట్ 98 హెర్ట్జ్. హమ్ దానికి కొంచెం పైన, దాదాపు అదే స్వరంలో ఉంటే అది 100 హెర్ట్జ్, అంటే రెక్టిఫైయర్ (ఏసీని డీసీ చేసేది) దాటి వచ్చిన కరెంటు సరిగా వడకట్టబడట్లేదు, ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివయ్యాయని అనుమానించాలి. పవర్ ట్యూబుల జత ఒకదానికొకటి సరిపోకపోయినా ఇదే హమ్ వస్తుంది. అదే జీకి ఒక ఆక్టేవ్ కింద, గుండెలో తగిలేలా ఉంటే 50 హెర్ట్జ్, అది ఎర్త్ దగ్గరో, లీడ్ దగ్గరో, హీటర్ వైరింగ్ దగ్గరో దూరింది. హమ్ కాదు, జర్రుమని దోమ గొంతులా బజ్ అంటావా, అయితే ఫ్యాన్ ఆపు. నిజంగా, ముందు ఫ్యాన్ ఆపు. రెండో స్పీడు మీద పెట్టిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ అంత గోల చేసేది ఇంకోటి లేదు. హన్మకొండలో ఒక బ్యాండ్ పిల్లలు పికప్పులు కూడా మార్చేశాక నన్ను పిలిచారు, ఫ్యాన్‌ను ఫుల్ స్పీడులో పెడితే బజ్ పోయింది. తర్వాత చవక ఎల్ఈడీ లైట్లు, ఫోన్ చార్జర్లు ఒక్కొక్కటీ ఆపుతూ పో.

ఈల విషయం కొంచెం నిదానంగా చదువు. మూడు పరీక్షలు, వరుసగా. గిటార్ వాల్యూమ్ సున్నా చెయ్యి. ఈల ఆగిపోయిందా, అయితే అది గిటార్ నుంచి వస్తోంది: గెయిన్ మరీ ఎక్కువైనా, నువ్వు స్పీకర్ ముందే నిలబడినా, పికప్ చుట్ట లోపల మైనం సరిగా పట్టక వదులుగా ఉన్నా వస్తుంది. పికప్‌కు దగ్గరగా నోరు పెట్టి అరిస్తే స్పీకర్‌లో నీ మాట వినబడితే మూడోదే. ఆగలేదా, ఇన్‌పుట్ నుంచి లీడ్ పీకెయ్. అప్పుడు ఆగితే తప్పు లీడ్‌ది లేదా మధ్యలో ఉన్న పెడళ్లది. ఏమీ పెట్టకపోయినా ఈల వస్తుంటే, ఇగ అప్పుడు ట్యూబుల వైపు చూద్దాం.

వెనక జాలీ వైపు నుంచి చిన్న ట్యూబులు కనిపిస్తాయి, 6505లో 12ఏఎక్స్7లు ఐదు (ప్లస్ మోడల్ అయితే ఆరు), పెద్దవి 6ఎల్6జీసీలు నాలుగు. ఐస్‌క్రీమ్ పుల్ల ఒకటి తీసుకో, యాంప్ ఆన్‌లో ఉండగా ప్రతి చిన్న ట్యూబును మెల్లగా తట్టు. పెద్ద వాటి దగ్గరికి చెయ్యి పోనివ్వకు, చర్మం ఊడుతుంది. అన్నీ కొద్దిగా టిక్కుమంటాయి, మొదటిది ఇంకొంచెం ఎక్కువ, అది సహజం. ఒకటి మాత్రం గంట కొట్టినట్టు మోగి ఆగకపోతే దాని లోపలి భాగాలు వదులయ్యాయి. పారేయకు. ఆఫ్ చేసి, చల్లారాక, దాన్ని పవర్ ట్యూబులకు ముందుండే ఫేజ్ ఇన్వర్టర్ స్థానంలోకి మార్చి, అక్కడిదాన్ని మొదటి స్థానంలోకి తెచ్చుకో. ఆ చివరి స్థానం తర్వాత గెయిన్ పెద్దగా ఉండదు కాబట్టి అక్కడ అది బుద్ధిగా ఉంటుంది. రూపాయి ఖర్చు లేదు.

కానీ నీ గెయిన్ ఎనిమిది మీద ఉన్నంతకాలం ఈ పరీక్షలన్నీ సగం దండగ. ఎనిమిది మీద పెడితే ఏ హై గెయిన్ యాంప్ అయినా ఈలేస్తుంది. ఈ యాంప్‌లో లీడ్ ఛానల్ (గట్టి డిస్టార్షన్ వైపు) ప్రీ గెయిన్ మూడున్నర దాటితే వచ్చేది కొత్త డిస్టార్షన్ కాదు, రొద, కంప్రెషనే. స్టేజీ తర్వాత స్టేజీ అల పైనా కిందా నరికేస్తూ పోతుంది, అప్పటికే నరికిన దాన్ని మళ్లీ నరికితే పిక్ దెబ్బ మాయమవుతుంది. నువ్వు బ్యాండ్‌లో వినబడకపోవడానికి కారణం అదే, వాల్యూమ్ తక్కువై కాదు.

ఇలా మొదలుపెట్టు: ప్రీ గెయిన్ మూడు, లో నాలుగు, మిడ్ ఆరు, హై ఐదు, ప్రెజెన్స్ ఐదు, రెజొనెన్స్ నాలుగు, పోస్ట్ గెయిన్ మిగతా వాళ్లతో సరిపోయేంత. ఒక్కడివే కూర్చొని వింటే మిడ్ ఆరు ముక్కుతో మాట్లాడినట్టు అసహ్యంగా ఉంటుంది, ఉండనీ. తక్కువ శబ్దంలో మన చెవికి బేస్, ట్రెబుల్ తక్కువ వినబడతాయి, అందుకే రాత్రి గదిలో మెల్లగా పెట్టుకుని లో, హై ఎక్కించి మిడ్ పూర్తిగా దించేస్తాం, భలే ఉందనుకుంటాం. అదే సెట్టింగ్‌తో డ్రమ్స్ పక్కన నిలబడితే లో అంతా బేస్ గిటార్, కిక్ తినేస్తాయి, హై అంతా సింబల్స్ తినేస్తాయి, నీకు మిగిలేది ఏదీ లేదు. గిటార్ బతికేది మిడ్‌లోనే. నాబ్‌లు తిప్పేది బ్యాండ్ మొత్తం వాయిస్తున్నప్పుడే, క్యాబినెట్‌కు ఎదురుగా చెవి ఎత్తున విని తిప్పాలి. మోకాళ్ల దగ్గర స్పీకర్ పెట్టుకుని నిలబడి తిప్పితే నీకు వినబడేది వేరు, ముందు నిలబడ్డవాళ్లకు వినబడేది వేరు.

గెయిన్ తగ్గిస్తే పామ్ మ్యూట్‌లో (అరచెయ్యి తీగల మీద ఆనించి కొట్టడంలో) బిగుతు పోతుందని భయపడతావు, దానికి మందు ముందు ఒక ట్యూబ్ స్క్రీమర్ రకం ఓవర్‌డ్రైవ్ పెడల్. ఏ కంపెనీదైనా సరే. డ్రైవ్ సున్నా, లెవెల్ ఫుల్, టోన్ మధ్యలో. ఆ సర్క్యూట్‌లో 720 హెర్ట్జ్ కింద నుంచి బేస్‌ను క్రమంగా తగ్గించే ఏర్పాటు ఉంది, అందువల్ల మొదటి స్టేజీలోకి బురద తక్కువ వెళ్తుంది, మిడ్ గట్టిగా గుద్దుతుంది. పోయిన బేస్‌ను రెజొనెన్స్ నాబ్‌తో చివర్లో, పవర్ సెక్షన్ దగ్గర మళ్లీ తెచ్చుకోవచ్చు. హై గెయిన్ మెటల్ వాయించేవాళ్లలో చాలామంది ఈ పద్ధతి వాడతారు.

నాయిస్ గేట్ (వాయించనప్పుడు రొదను మూసేసే పెడల్) ఉందన్నావు, ఇన్‌పుట్ ముందు మాత్రమే పెడితే సగం పనే. బాస్ ఎన్ఎస్-2 లాంటి దానికి నాలుగు జాక్‌లు ఎందుకున్నాయంటే, గిటార్ దాని ఇన్‌పుట్‌లోకి, దాని సెండ్ నుంచి డ్రైవ్ పెడల్ మీదుగా యాంప్ ఇన్‌పుట్‌లోకి, యాంప్ వెనక లూప్ (ప్రీయాంప్‌కూ పవర్ సెక్షన్‌కూ మధ్య పెడళ్లు పెట్టుకునే దారి) సెండ్ నుంచి దాని రిటర్న్‌లోకి, దాని అవుట్‌పుట్ నుంచి యాంప్ లూప్ రిటర్న్‌లోకి. ఇలా పెడితే శుభ్రమైన గిటార్ సిగ్నల్‌ను చూసి నిర్ణయం తీసుకుంటుంది, ప్రీయాంప్ చేసే గోలను మూస్తుంది.

లూప్ మాట వచ్చింది కాబట్టి, నీ వాల్యూమ్ పడిపోవడం దాదాపు ఖాయంగా అక్కడే. లూప్‌లో ఏమీ పెట్టనప్పుడు సిగ్నల్ రిటర్న్ జాక్ లోపలి చిన్న స్విచ్ రేకు మీదుగా పోతుంది. సంవత్సరాల తరబడి వాడకపోతే ఆ రేకు మీద మసి, దుమ్ము పేరుకుంటుంది, ఆనీ ఆనక ఉంటుంది. సెండ్ నుంచి రిటర్న్‌కు ఒక చిన్న ప్యాచ్ లీడ్ పెట్టి వాయించు. పడిపోవడం ఆగిందా, అంతే, రోగం తేలింది. కాంటాక్ట్ క్లీనర్ స్ప్రే (తుప్పు వదిలించే మామూలు నూనె స్ప్రే కాదు) ప్లగ్గు మీద కొట్టి రిటర్న్ జాక్‌లో పదిహేను సార్లు పెట్టి తియ్యి. లేదా ఆ ప్యాచ్ లీడ్ శాశ్వతంగా అలాగే వదిలేసినా ఎవరూ ఏమీ అనరు. నాబ్‌లు తిప్పితే గరగరమనడానికి కూడా అదే స్ప్రే.

బయాస్ (వాయించనప్పుడు పవర్ ట్యూబుల్లో ఎంత కరెంటు పారాలో పెట్టే సెట్టింగ్) నేనే పెట్టుకోవచ్చా అని అడిగావు. 6505కి బయాస్ తిప్పే స్క్రూ లేదు, ఫ్యాక్టరీలోనే ఒక విలువ పెట్టేశారు, అదీ కొంచెం చల్లగానే, అంటే తక్కువ కరెంటుతోనే. సరిపోలిన నాలుగు 6ఎల్6జీసీల సెట్ పెడితే పని నడుస్తుంది. మార్షల్ జేసీఎం800 లాంటి వాటికి తిప్పేది ఉంటుంది, అక్కడ లెక్క ఇలా: 6ఎల్6జీసీ భరించేది 30 వాట్లు, అందులో 70 శాతం అంటే 21, ప్లేట్ మీద 450 ఓల్టులుంటే 21ని 450తో భాగిస్తే దాదాపు 47 మిల్లీ ఆంపియర్లు. ఈఎల్34 ట్యూబులైతే 25 వాట్లతో మొదలుపెట్టాలి. 70 అనేది పై హద్దు, చేరాల్సిన గమ్యం కాదు, హై గెయిన్‌కు 60 దగ్గరైనా చాలు. ఈ రొద, ముద్దతనం ఏదీ బయాస్‌తో పోదు, ఆ ఆశ పెట్టుకోకు.

ట్యూబు నిజంగా పోయిందని కంటితోనే తెలిసే గుర్తులు కొన్నే. లోపల పైన వెండి పూత తెల్లగా పాలలా మారిపోతే గాలి దూరింది, పని అయిపోయింది. అడుగున నారింజ వెలుగు లేకపోతే హీటర్ తెగింది. గాజు గోడ మీద నీలం మెరుపు మామూలే, భయపడకు. కానీ లోపలి బూడిద రంగు ప్లేట్ ఎర్రగా కాలుతుంటే ఒక్క క్షణం ఆగకుండా ఆఫ్ చెయ్యి.

ఫ్యూజ్ పోతే అదే రేటింగ్, అదే స్లో బ్లో రకం వెయ్యి. ఇంటి కిట్‌కాట్ ఫ్యూజ్‌కు తీగ చుట్టే అలవాటు ఇక్కడ పనికిరాదు. రెండోసారీ పోయిందంటే మూడోది వేయకు. స్పీకర్ కనెక్ట్ కాకుండా ట్యూబ్ యాంప్ ఎప్పుడూ వాయించకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. క్యాబినెట్ వెనక 16 ఓమ్‌లు అని రాసి ఉంటే యాంప్ స్విచ్ 16 మీద, 8 అయితే 8 మీద. వాటి మధ్య గిటార్ లీడ్ వాడితే దాని సన్న తీగ వేడెక్కుతుంది. ఎలక్ట్రికల్ షాపులో 1.5 ఎస్‌క్యూ ఎంఎం ఫ్లెక్సిబుల్ వైరు రెండు పోగులు కొని పావు అంగుళం ప్లగ్గులు సోల్డర్ చేయించుకో, వందల రూపాయల్లో అయిపోతుంది.

చాసిస్ బయటికి లాగే పని మాత్రం పెట్టుకోకు. లోపల 450, 500 ఓల్టులు ఉంటాయి, ప్లగ్గు పీకాక కూడా కెపాసిటర్లలో నిలిచి ఉంటాయి, వీడియో చూసి చేసే పని కాదు. ఫిల్టర్ కెపాసిటర్ల దాకా వస్తే వరంగల్ వైపు వాల్వ్ రేడియోలు, పాత ఆర్కెస్ట్రా యాంప్లిఫయర్లు బాగుచేసిన పెద్దాయనలు ఇంకా ఉన్నారు, వాళ్లకు గిటార్ తెలియకపోవచ్చు గానీ హై ఓల్టేజ్ అంటే బాగా తెలుసు. సర్క్యూట్ డయాగ్రమ్ ప్రింట్ తీసి చేతికిస్తే చాలు.

రేపు సాయంత్రం ఫ్యాన్ ఆపి, లూప్‌లో ప్యాచ్ లీడ్ పెట్టి, గెయిన్ మూడు మీద ఒకసారి వాయించి చూడు. సాకెట్ మూడు రీడింగులు పొద్దునవీ రాత్రివీ, డబ్బాలో ఎర్త్ బీప్ వచ్చిందా లేదా, డబ్బా ఎన్ని వీఏ, హమ్ జీకి పైనా కిందా, ఇవి రాయి. బీప్ రాకపోతే ఆ డబ్బా మార్చేదాకా మైకు దగ్గరికి పోకు, పాట ఇంకెవరైనా పాడతారు.